గాలే కదా అనుకోకండి!

కుక్కర్ మూత సరిగ్గా పడకపోతే మనం స్టవ్ వెలిగించం. గ్యాస్ బండ రాగానే సీలు చూసి, వాషరు చూసి గానీ దించుకోం. ఇవన్నీ మనకెవరూ పాఠం పెట్టి నేర్పలేదు. చేయగా చేయగా చేతికి వచ్చేశాయి. కానీ అలవాటు లేని వస్తువు ఎదురైతే మాత్రం ‘ఆఁ, ఏం కాదులే’ అనేస్తాం. నేనూ అలాగే అన్నాను. మా చెల్లెలి కూతురు నా నోరు మూయించింది. ఆ సంగతి మీకూ చెబుదామని కూర్చున్నాను.

మేముండేది మదనపల్లెలో. చెల్లెలిది కుప్పం. మా పుట్టిల్లు పుంగనూరు. సంక్రాంతికి అందరం అక్కడే చేరతాం. చెల్లెలి కూతురు ఇంటర్ చదువుతూ, ఆదివారాలు వాళ్ల నాన్నతో బెంగళూరు వెళ్లి ఎయిర్ పిస్టల్ కాల్చడం నేర్చుకుంటోంది. ‘ఆడపిల్లకు తుపాకీ ఏమిటే?’ అని మొదట్లో నేనే సణిగాను. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే జాతీయ విజేత అయిందనీ, 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచిందనీ చెప్పింది. ఇక నేనేం మాట్లాడతాను!

ఈ పిస్టల్‌లో మందుగుండు ఉండదండీ. గొట్టం కింద టార్చిలైటంత చిన్న సిలిండర్ ఉంటుంది. అందులో బాగా కుక్కిన గాలే సీసపు పెల్లెట్‌ను ముందుకు తోస్తుంది. పది మీటర్ల దూరంలో గురి. పది మార్కులొచ్చే చుక్క అడ్డం కొలత 11.5 మిల్లీమీటర్లు, అంటే మన చిటికెన వేలి గోరంత. పోటీలో 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. ఇంతకుముందు ఆడవాళ్లకు 40 సార్లే ఉండేది. 2018 నుంచి మగవాళ్లతో సమానం చేశారు.

ఆ సిలిండర్‌లో గాలి 200 బార్ల దాకా పడతారు. బార్ అంటే ఆ బార్ కాదు లెండి, ఒత్తిడికి కొలత. మన కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఉండే అదనపు ఒత్తిడి దాదాపు ఒక బార్. దానికి రెండు వందల రెట్లన్నమాట! ఆ గాలి నింపడానికి 300 బార్ల పెద్ద ట్యాంకు ఒకటి వేరే ఉంటుంది.

మొన్న సంక్రాంతికి ఆ పిల్ల పిస్టల్ వెంట తెచ్చుకుంది. పండగ వెళ్లిన వారానికే పోటీ. తీరా చూస్తే సిలిండర్‌లో గాలి అడుగంటింది. పెద్ద ట్యాంకేమో కుప్పంలో ఉంది. పిల్ల ముఖం చిన్నబోయింది. మా తమ్ముడికి పుంగనూరులో వెల్డింగ్ షాపుంది. మేనకోడలంటే ప్రాణం.

“దీనికెందుకు దిగులు పాపా? మన షాపులో ఆక్సిజన్ బండ ఉండాది గదా. ఒక పైపు బిగిస్తే రెండు నిమిషాల్లో నింపేస్తా” అన్నాడు.

“అమ్మో, వద్దు మామా!” అని ఆ పిల్ల సిలిండర్‌ను చున్నీలో చుట్టేసుకుంది.

నేను ఊరుకోవచ్చు కదా! “అదీ గాలే, ఇదీ గాలే. ఆసుపత్రిలో మనుషులు పీల్చేదే కదమ్మా. మామ మాట తీసేయకు” అన్నాను.

“నీళ్లు కూడా తాగేవే కదా పెద్దమ్మా. మరి కాగే నూనెలో పోస్తావా?” అంది.

అప్పుడు విడమరిచి చెప్పింది. ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ మండే గుణమున్న దేన్నైనా భగ్గుమనిపిస్తుంది. అంత ఒత్తిడిలో కాస్త నూనో గ్రీజో తగిలితే అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. పిస్టల్ లోపల రబ్బరు వాషర్లుంటాయి, వాటికి గ్రీజు ఉంటుంది. ఇంకేముంది, అది చేతిలో పేలిపోవచ్చు. అందుకే ఆక్సిజన్ కాదు, మామూలు గాలే పట్టాలి. అదీ పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కుదరదు. దానికి అంత ఒత్తిడి రాదు, పైగా ఆ గాలిలో తడీ నూనె వాసనా ఉంటాయి. తడి చేరితే లోపల తుప్పు పడుతుంది. నీళ్లలో మునిగే డైవర్లు పీల్చే గాలిలా వడకట్టి, ఆరబెట్టిన గాలి కావాలి.

తమ్ముడు మధ్యాహ్నం భోజనాల దగ్గర ముభావంగా ఉన్నాడు. సాయంత్రం తనే వచ్చి, “అక్కా, ఆక్సిజన్ మీటరుకు గ్రీజు చేత్తో ముట్టకూడదని పని నేర్పిన మేస్త్రీ ఎప్పుడో చెప్పినాడు. ఎందుకో అడగలేదు. పాప చెప్తే ఇప్పుడు తెలిసింది” అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. ఆ పిల్ల మొహమాటపడి సరేనని ఉంటే? పెద్దల మాట వినమని పిల్లలకు చెప్పేది మనమే కదా.

ఆ తర్వాత నెలలో కుప్పం వెళ్లినప్పుడు, గాలి ఎలా పడుతుందో పక్కన కూర్చుని చూశాను. మొదట పిస్టల్‌లో పెల్లెట్ లేదని చూసుకుంది. సిలిండర్ విప్పి, దాని మీద చెక్కిన తారీఖు చూసింది. చాలా కంపెనీలు వీటికి పదేళ్లే గడువు ఇస్తాయట. గడువు దాటింది పోటీల్లో పనికిరాదు. మరలు పొడిగుడ్డతో తుడిచింది. చుక్క నూనె వేయలేదు. సిలిండర్‌ను ట్యాంకుకు చేత్తోనే బిగించి, వాల్వు కొద్ది కొద్దిగా తిప్పింది. సన్నగా ‘స్స్...’ మని శబ్దం.

“ఇంత నిదానమా?” అన్నాను.

“గాలిని గబగబా కుక్కితే వేడెక్కుతుంది పెద్దమ్మా. సైకిల్ పంపు అడుగు కాలదా, అట్లా. మీటరు 200 చూపిస్తుంది గానీ, చల్లారినాక ముల్లు దిగిపోతుంది” అంది.

ముల్లు 200 దగ్గరికి రాగానే ట్యాంకు వాల్వు కట్టేసింది. మధ్యలో చిక్కుకున్న గాలిని చిన్న మర వదులు చేసి బయటికి పంపింది. ఆ తర్వాతే సిలిండర్ విప్పింది. చేత్తో రాకపోతే లోపల ఇంకా ఒత్తిడి ఉన్నట్టే, పానా వేసి బలవంతం చేయకూడదట. కుక్కర్ ఆవిరి పోకుండా మూత లాగకూడదని మనకు తెలియదూ!

ఆటలో పనిముట్టు ఎంత ముఖ్యమో మను భాకర్‌ను చూస్తే తెలుస్తుంది. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పిస్టల్ మధ్యలో మొరాయించి ఎంతో సమయం పోయింది, ఫైనల్ చేజారింది. మూడేళ్లకు 2024లో పారిస్‌లో అదే ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచింది.

మనింట్లో పిస్టల్ లేకపోవచ్చు. గ్యాస్ బండ ఉంది కదా! దాని పైభాగంలో రింగును పట్టి ఉంచే రేకు పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అది మళ్లీ పరీక్ష చేయించాల్సిన గడువు. ఎ అంటే జనవరి-మార్చి, బి అంటే ఏప్రిల్-జూన్, సి అంటే జులై-సెప్టెంబరు, డి అంటే అక్టోబరు-డిసెంబరు. అంకె సంవత్సరం. ‘బి-28’ అని ఉంటే 2028 జూన్ దాకా అన్నమాట. గడువు దాటిన బండ తెస్తే తీసుకోకండి, మార్చి ఇమ్మనండి.

ఇంకో మాట. మీ ఇంట్లో పిల్ల ఎప్పుడైనా పెద్దవాళ్లతో ‘వద్దు’ అంటే, కసిరే ముందు ‘ఎందుకమ్మా?’ అని ఒక్కసారి అడగండి. మా పుంగనూరు ఇంట్లో ఆ రోజు పండగ పండగలా జరిగిందంటే, ఆ ఒక్క ‘వద్దు’ వల్లే.