కొండత్రోవలో మజిలీ



ఆషాఢపూర్ణిమకు ముందునాడు సింహాచల గిరిప్రదక్షిణము చేయువారు మా సీతమ్మధార మీదుగనే పోవుదురు. త్రోవ 32 కిలోమీటర్లు. ఒక్కరాత్రి నడకతో ముగియును గనుక వారికి మూటతో పనిలేదు. శ్రీశైలమునకు అడవిదారిని నడచువాని సంగతి వేరు. రాత్రి కొండలలోనే గడపవలెను. కావున మూటను, మజిలీని ముందుగానే యోచింపవలెను.

ఆత్మకూరు ప్రక్కనున్న వెంకటాపురమునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారము మీదుగా నీ త్రోవ సాగును. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు సోపానములు కట్టించెను. 1830లో కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యయు నాగలూటి, పెద్దచెరువుల మీదుగనే శ్రీశైలము చేరెను.

ఈ పేరులను పరికింపుడు. ఒకటి చెరువు, ఒకటి కొలను. మన పెద్దలు నీటినిబట్టి మజిలీ నిర్ణయించిరి. నాగలూటిలో వీరభద్రుని గుడియు నున్నది. కాలు సాగుచున్నదిగదా యని మజిలీ దాటిపోయిన వానికి చీకటిలో నీరును దొరకదు, నీడయు దొరకదు.

మూటలో కంబళి, అటుకులు, నీటిపాత్ర, దీపము చాలును. భీమునికొలను లోయలో దిగి కైలాసద్వారమునకు మెట్లెక్కునప్పుడు వీసెడు బరువు మణుగై తోచును.

నేడీ యడవి పులుల సంరక్షణాలయము. శివరాత్రి, ఉగాది యాత్రలకు అటవీశాఖవారు త్రోవ విడుతురు. తక్కిన దినములలో పోరాదు. మీ యూరి పిల్లలు బయలుదేరునప్పుడు, గుంపు విడువవద్దనియు, ప్రొద్దుగ్రుంకక మునుపే మజిలీ చేరుడనియు చెప్పి పంపుడు.