అణా పోయి నయాపైస వచ్చిన కథ

1957 ఏప్రిల్ 1వ తేదీన భారతదేశపు రూపాయి తన విలువను మార్చుకొనలేదు గాని తన భాగములను మార్చుకొన్నది. అంతవరకు 16 అణాలుగా, 64 కాణులుగా, 192 దమ్మిడీలుగా విభక్తమై యుండిన రూపాయి ఆనాటినుండి 100 నయాపైసలుగా విభజింపబడెను. మరి యేడాదిన్నరకు, 1958 అక్టోబరులో, తూనికలకును కొలతలకును ఆ వంతు వచ్చెను. ఒక సంస్థలో నూతనపద్ధతిని ప్రవేశపెట్టదలచిన అధికారికి గాని, సమాజమును క్రొత్త త్రోవను నడపదలచిన నాయకునికి గాని, ఈ జంట పరివర్తనముల చరిత్రకంటె ఉపయుక్తమైన పాఠము మన దేశమున మరియొకటి లేదని నా విశ్వాసము. ఏలయన ఇచట మారవలసినవారు ఒక కచేరీలోని గుమాస్తాలు మాత్రమే కారు, అక్షరజ్ఞానమునకు నోచుకొనని కోట్లకొలది ప్రజలు.

పూర్వస్థితి యెట్టిదో స్మరింపక ఈ మార్పు ఘనత బోధపడదు. బెంగాలు మణుగు 40 శేర్లు, అనగా 37 కిలోగ్రాములకు పైమాట. మద్రాసు మణుగు 8 వీశెలు, అనగా 11 కిలోగ్రాములకు కొంచెము హెచ్చు. పేరొక్కటియే, బరువులో మూడింతలకు పైగా భేదము. ధాన్యమును కొలుచు కుంచము, మానిక, తవ్వ, సోల యొక్కొక్క సీమలో నొక్కొక్క పరిమాణము గలిగి యుండుటచే, పంట నమ్ముకొను రైతునకు కొలపాత్రను చూచుకొనుటకూడ నొక జాగ్రత్తయే యయ్యెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించునప్పటికి కోస్తాలో వీశెయు, తెలంగాణమున శేరును వాడుకలో నుండినవి. తెలంగాణ ప్రజలన్ననో, నిజాము రాజ్యపు నాణెములైన 7 హాలీ సిక్కా రూపాయలకు 6 భారత రూపాయల చొప్పున నాణెములు మార్చుకొనిన కాలమును అప్పటికే చూచియుండిరి.

ఈ మార్పునకు పూనుకొనినవారిలో గణాంకశాస్త్రజ్ఞుడు మహలనోబిస్, పీతాంబర్ పంత్, భారత ప్రమాణసంస్థకు సంచాలకుడుగా నుండిన లాల్ సి. వర్మన్ ప్రముఖులు, ప్రధానియైన నెహ్రూ వారికి అండగా నిలిచెను. నాణెముల చట్టము 1955లోనే ఆమోదింపబడినను అమలునకు వచ్చినది 1957లో. తూనికల చట్టము 1956లో వెలువడగా, 1958లో ప్రారంభమైన ఆచరణ 1962 ఏప్రిల్‌లో తప్పనిసరి యయ్యెను. నిర్ణయమునకును ఆచరణకును నడుమ ఇంత వ్యవధి నిచ్చుటయు, ఆ వ్యవధికి ముందే ఒక కడతేదీని ప్రకటించుటయు ఈ ప్రయత్నమున నాకు మిక్కిలి శ్లాఘనీయముగా తోచుచున్నవి. నాణెము ముందు, తూనిక వెనుక అను క్రమమును వివేకవంతమైనదే. పదింతల లెక్క చేతిలోని చిల్లరవలన అలవడినవానికి కిలోగ్రాము అంత కొరుకుడుపడనిదిగా నుండదు.

అయినను చిక్కు లేకపోలేదు, ఆ చిక్కు పేదవాని చేతిలోనే పడెను. పావలాకు 25, అర్ధరూపాయికి 50 నయాపైసలు సరిగా కుదిరినవి గాని, అణాకు వచ్చునది ఆరుంబాతిక. సగమును, సగమునకు లోపలి భాగమును విడిచిపెట్టి, సగమునకు మించినదానిని పూర్తిపైసగా లెక్కింపవలెనను నియమముచే అణా 6గాను, బేడ, అనగా రెండణాలు, 12గాను, మూడణాలు 19గాను నిర్ణయమైనవి. కాణీకి ఒకటిన్నరకు కొంచెము పైన వచ్చును గనుక దానికి 2 పైసలు. ఇక చూడుడు: అణా సరకును ఒక్కమారుగా కొనువాడు 6 పైసలిచ్చును, ఆ సరకునే కాణీ చొప్పున నాలుగుమారులు కొనుక్కొను కూలివాడు 8 పైసలిచ్చుకొనును. గోడలపై అంటించిన మార్పిడిపట్టికలు లెక్కను తెలిపినవే గాని, ఈ భేదమును తుడిచివేయలేదు. నూతనపద్ధతిని రచించువారు మొత్తములను చూతురు. నష్టము మాత్రము భిన్నములలో దాగి, చిన్నచిన్న వ్యవహారములు చేయువారియొద్ద ప్రోగుపడును. ఈనాడు ఏ కార్యాలయమున క్రొత్తయంత్రము ప్రవేశించినను, ఏ పథకము రూపు మారినను, మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, ఇట్టి నష్టము ఎవరియొద్ద ప్రోగుపడునన్నదియే యని నేను నమ్ముచున్నాను.

చదువనేరని చేతిని మాత్రము వారు మరువలేదు. ఒక పైస గుండ్రని కంచునాణెము, రెండు పైసలది అంచున వంపులు గలది, ఐదు పైసలది చతురస్రము. చీకటిలోనైనను వ్రేళ్లు గుర్తింపగలవు. ప్రాత పైసతో పొరపాటు కలుగకుండుటకై చేర్చిన ‘నయా’ అను విశేషణము, ఆ యక్కర తీరినపిదప, 1964 జూన్ 1న తొలగింపబడెను.

తూనికల విషయమున వేరొక పీడ యుండెను. క్రొత్త పడికట్టురాళ్లు త్రాసులోనికి వచ్చినను, అడుగువాడు శేరే యడుగును, అమ్మువాడు 933 గ్రాములు సర్దబోవును. క్రొత్త పరికరముతో ప్రాతలెక్క చేయుటకంటె ప్రయాసకరమైనది లేదు. యంత్రములోను, చిట్టాలోను ఒక్కపనినే రెండుమారులు వ్రాయించు కార్యాలయములలోని యుద్యోగులు దీనిని బాగుగా నెరుగుదురు. కావుననే గడువు తీరినపిమ్మట ప్రాతరాళ్లను కఠినముగా నిషేధించుట అవసరమయ్యెను. దయ వ్యవధి నిచ్చుటలో నుండవలెను గాని, వ్యవధిని అంతులేక పొడిగించుటలో కాదు.

ఇంత జరిగినను రెండుచోట్ల మార్పు సంపూర్ణము కాలేదు. బంగారపు తులము పదకొండున్నర గ్రాములకు మించినదిగా నుండి, నేడు వాడుకలో పది గ్రాములకే పేరై నిలిచినది. ప్రజలు క్రొత్తకొలతను స్వీకరించి ప్రాతపేరును వదలుకొనలేదు. ఇందు వలదనవలసినది నాకేమియు కనబడదు. భూమి సంగతి వేరు. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు, ఆంధ్రమున 100 సెంట్లు నేటికిని నడచుచున్నవి. ఇంటిస్థలమునకు చదరపుగజములే లెక్క. అంగడిలోని తూనిక ఆ పూట బేరముతో ముగియును. పొలపు దస్తావేజును మనుమలు విప్పి చదువుదురు, న్యాయస్థానములు పరిశీలించును, సరిహద్దుతగవు వచ్చినప్పుడు అందలి ప్రతి యంకెయు సాక్ష్యమగును. గుంటను, సెంటును తొలగింపదలచినవారు క్రొత్త కొలతను ప్రకటించుటకు ముందు ఆ దస్తావేజులను తిరిగి వ్రాయుటకు ఎవరు శ్రమపడుదురో, ఆ వ్యయమును ఎవరు భరింతురో తేల్చవలసియుండును.