కార్బన్ మోనాక్సైడు సెన్సారు

కార్బన్ మోనాక్సైడు సెన్సారు గాలిలో ఉన్న కార్బన్ మోనాక్సైడు వాయువు గాఢతను కొలిచే పరికరము. భవనాలలో దీనిని ముఖ్యముగా రెండు పనులకు వాడతారు. నివాస గదులలో ఇది ప్రమాదాన్ని తెలిపే అలారము. సెల్లారు పార్కింగులలో చెడుగాలిని బయటకు తోడే ఫ్యానులను నడిపించే సాధనము. కార్బన్ మోనాక్సైడుకు రంగు, రుచి, వాసన లేవు. వంటగ్యాసు లీకయితే అందులో కలిపిన ఘాటైన పదార్థము వలన ముక్కు వెంటనే పసిగడుతుంది. ఈ వాయువు విషయములో మనిషికి ఆ రక్షణ కూడా లేదు. కనుక సెన్సారు తప్పు అంకె చూపితే ఆ తప్పును నివాసులు గుర్తించలేరు. పరికరాన్ని ఎక్కడ బిగించారు, క్రమాంకనము (క్యాలిబ్రేషను) ఎలా చేశారు అన్న వాటిపైనే దాని ఉపయోగము ఆధారపడి ఉంటుంది.

వాయువు, దాని ప్రమాదము

బొగ్గు, కట్టె, పెట్రోలు, వంటగ్యాసు వంటి ఇంధనాలు చాలినంత ఆక్సిజను లేకుండా మండినపుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. గాలి ఆడని స్నానపు గదిలోని గ్యాస్ గీజరు, చలికాలములో తలుపులు మూసిన గదిలో పెట్టుకొన్న బొగ్గుల కుంపటి, ఇంటి లోపల నడిపే జనరేటరు దీనికి సాధారణ మూలాలు. ఈ వాయువు రక్తములోని హీమోగ్లోబినుతో ఆక్సిజను కన్నా 200 రెట్లకు పైగా బలముగా బంధము ఏర్పరచుకొంటుంది. తలనొప్పి, వికారము, మగత మొదటి లక్షణాలు. వీటిని అజీర్ణమనో, జ్వరము వస్తున్నదనో పొరబడటము సులభము. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు.

బొగ్గు గనుల పేలుళ్ళలో చాలామందిని చంపేది ఈ వాయువేనని జాన్ స్కాట్ హాల్డేన్ 1896 నాటి నివేదికలో చూపాడు. గనులలో చిన్న ప్రాణులను హెచ్చరికగా వాడాలన్న సూచన కూడా ఆయనదే. ఆ విధముగా బ్రిటన్ గనులలో చేరిన కెనరీ పక్షులను తీసివేసి వాటి స్థానములో ఎలక్ట్రానిక్ పరికరాలను ఉంచాలని 1986లో నిర్ణయించారు.

పనిచేసే విధానము

భవనాలలో ఇప్పుడు ఎక్కువగా వాడేది విద్యుద్రసాయన సెన్సారు. గాలి ఒక సన్నని రంధ్రము గుండా సెల్ లోనికి చేరుతుంది. అక్కడి ప్లాటినము ఎలక్ట్రోడుపై కార్బన్ మోనాక్సైడు నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. ఈ చర్యలో విడుదలైన ఎలక్ట్రానులు బయటి వలయము ద్వారా రెండవ ఎలక్ట్రోడును చేరి, అక్కడ ఆక్సిజనును నీరుగా మారుస్తాయి. వలయములో ప్రవహించే విద్యుత్తు వాయువు గాఢతకు అనులోమానుపాతములో ఉంటుంది. అయితే ఈ విద్యుత్తు చాలా స్వల్పము, ఒక పీపీఎంకు (పది లక్షల భాగాలలో ఒక భాగానికి) నానో ఆంపియర్లలోనే ఉంటుంది. ఏ రెండు సెల్‌లూ ఒకే గాఢతకు సరిగ్గా ఒకే విద్యుత్తును ఇవ్వవు, వయసుతో ఒక్కొక్క సెల్ స్పందన కూడా తగ్గుతుంది. క్రమాంకనము అవసరమయ్యేది ఇందువల్లనే.

టిన్ ఆక్సైడును వేడిచేసి దాని విద్యున్నిరోధములో మార్పును కొలిచే చవక రకము కూడా ఉంది. అది ఇతర ఆవిరులకు కూడా సులభముగా స్పందిస్తుంది.

అమర్చే చోటు

కార్బన్ మోనాక్సైడు గాలి కన్నా కొంచెమే తేలిక. అందుచేత అది పైకప్పుకు చేరి నిలువదు, నేలకూ దిగదు, గదిలోని గాలిలో కలిసిపోతుంది. వంటగ్యాసు డిటెక్టరు మాదిరిగా దీనిని నేలకు దగ్గరగా పెట్టాలన్న అభిప్రాయము సరికాదు. ఐరోపా ప్రమాణాల ప్రకారము గీజరు, పొయ్యి వంటి ఉపకరణమున్న గదిలో అలారమును దాని నుండి అడ్డముగా 1 నుండి 3 మీటర్ల దూరములో, గోడపై అయితే తలుపులు, కిటికీల కన్నా ఎత్తున, పైకప్పుకు కనీసము 15 సెంటీమీటర్ల దిగువన బిగిస్తారు. పడకగదిలో నిద్రించేవారు శ్వాసించే ఎత్తులో ఉంచుతారు. ఆవిరి తగిలే చోటు, ఫ్యాను గాలి నేరుగా కొట్టే చోటు, తెర వెనుక భాగము పనికిరావు.

సెల్లారులో లెక్క వేరు. అక్కడ సెన్సారును మనుషులు శ్వాసించే ఎత్తులో, నేల నుండి సుమారు ఒకటిన్నర మీటరు వద్ద, స్తంభాలకు బిగించడము వాడుక. తాజా గాలి వచ్చే ర్యాంపు ముఖద్వారము వద్ద పెట్టిన సెన్సారు ఎప్పుడూ మంచి అంకెనే చూపుతుంది. అది సులభముగా చేరుకోగల చోటు గనుక బిగించేవారు తరచు దానినే ఎంచుకొంటారు. గాలి నిలిచిపోయే మూలలు, వాహనాలు ఇంజను ఆపకుండా వేచి ఉండే చోట్లు, కాపలాదారు కూర్చొనే చోటు అసలు కొలవవలసినవి.

సెన్సారు నుండి కంట్రోల్ ప్యానెల్‌కు సాధారణముగా 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల సంకేతము వెళుతుంది. 0 నుండి 200 పీపీఎం పరిధి గల సెన్సారు 100 పీపీఎం వద్ద 12 మిల్లీ ఆంపియర్లు పంపుతుంది. సెన్సారు పరిధి 300 అయి, ప్యానెల్‌లో 200 అని నమోదు చేస్తే, గాలిలో నిజముగా 100 పీపీఎం ఉన్నపుడు తెరపై 67 మాత్రమే కనిపిస్తుంది. సెన్సారులో దోషమేమీ లేదు, అయినా ఫలితము తప్పు.

క్రమాంకనము

క్రమాంకనము రెండు బిందువుల వద్ద జరుగుతుంది. మొదటిది జీరో: కార్బన్ మోనాక్సైడు లేని శుద్ధమైన గాలిని ఇచ్చి పరికరము సున్న చూపేలా సరిచేయడము. రెండవది స్పాన్: తెలిసిన గాఢత గల వాయువును, ఉదాహరణకు 100 పీపీఎం మిశ్రమాన్ని, ఇచ్చి అదే అంకె చూపేలా సరిచేయడము. సిలిండరుపై ధ్రువీకరించిన గాఢత, గడువు తేదీ ఉంటాయి. గడువు దాటిన వాయువుతో చేసిన పనికి విలువ లేదు. సెల్ పనిచేయడానికి ఆక్సిజను కావాలి గనుక నైట్రోజనులో కంటే గాలిలో కలిపిన మిశ్రమము మేలు. రెగ్యులేటరు, గొట్టము, సెన్సారుపై తొడిగే మూతల ద్వారా తయారీదారు చెప్పిన వేగముతో, చాలా వాటికి నిమిషానికి అర లీటరు చొప్పున, వాయువును పంపి అంకె నిలకడ పొందే వరకు వేచి ఉండాలి. తొందరపడి అంకె ఇంకా పెరుగుతుండగానే సరిచేస్తే సెన్సారు ఆ తరువాత ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. సిలిండరుకు బదులు కారు పొగగొట్టము వద్ద సెన్సారును పరీక్షించడము క్రమాంకనము కాదు, ఆ పొగలో ఎంత గాఢత ఉన్నదో ఎవరికీ తెలియదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు జీరో వద్ద జరుగుతుంది. శుద్ధ గాలి సిలిండరు లేక, సెల్లారులో ఉన్న గాలినే సున్నగా తీసుకొంటారు. ఉదయము వాహనాలు బయలుదేరే వేళ ఆ గాలిలో 15 పీపీఎం ఉన్నదనుకొందాము. పరికరము దానిని సున్నగా నేర్చుకొంటుంది. ఆ పిదప 100 పీపీఎంతో స్పాన్ సరిచేస్తే, 85 పీపీఎం తేడా తెరపై 100గా సాగుతుంది. ఇక గాలిలో 35 పీపీఎం ఉన్నపుడు సుమారు 24 కనిపిస్తుంది. 50 వద్ద మోగవలసిన అలారము 57.5 వచ్చేవరకు మోగదు. 100 వద్ద మాత్రము అంకె సరిగ్గా సరిపోతుంది, కనుక స్పాన్ వాయువుతో మళ్ళీ పరీక్షించినా ఈ దోషము బయటపడదు. తెల్లవారుజామున ఆరుబయట జీరో చేయడము కొంత మేలు, శుద్ధ గాలి సిలిండరు ఉత్తమము.

క్రమాంకనము ఎన్నాళ్ళకొకసారి అన్నది తయారీదారు నిర్దేశిస్తాడు. పార్కింగులలో ఆరు నెలలు లేదా ఏడాది సాధారణము. మధ్యలో కొద్దిగా వాయువు ఇచ్చి స్పందనను మాత్రము చూసుకొనే పనిని బంప్ టెస్టు అంటారు. గృహ అలారముపై ఉండే బటను సాధారణముగా శబ్దాన్ని, బ్యాటరీని, సర్క్యూటును పరీక్షిస్తుంది. సెల్ వాయువును గుర్తిస్తున్నదో లేదో అది చెప్పదు.

అలారము మోగే సమయము

గృహ అలారములు అంకె దాటగానే మోగవు. రక్తములో విషము చేరడానికి పట్టే కాలాన్ని బట్టి వాటి సమయాలు నిర్ణయించారు. ఐరోపా ప్రమాణము ఈఎన్ 50291 ప్రకారము 50 పీపీఎం వద్ద 60 నుండి 90 నిమిషాలలో, 100 వద్ద 10 నుండి 40 నిమిషాలలో, 300 వద్ద 3 నిమిషాల లోపు మోగాలి. అమెరికా ప్రమాణము యూఎల్ 2034లో 70 పీపీఎంకు 1 నుండి 4 గంటలు, 400కు 4 నుండి 15 నిమిషాలు. అందుచేత అలారము మోగలేదంటే గాలిలో వాయువు లేదని అర్థము కాదు. గర్భిణులకు, హృద్రోగులకు ఇంతకన్నా తక్కువ గాఢతలు కూడా హాని చేయవచ్చు.

ఇతర వాయువులు, ఆయుష్షు

విద్యుద్రసాయన సెల్ హైడ్రోజనుకు కూడా స్పందిస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు చార్జి అయ్యేటపుడు హైడ్రోజను వెలువడుతుంది గనుక ఇన్వర్టరు గది పక్కన బిగించిన సెన్సారు అకారణముగా మోగవచ్చు. మద్యసారము గల శుభ్రపరచే ద్రవాలు, తాజా రంగు ఆవిరి కూడా అంకెను పెంచగలవు. దీనికి విసిగి సెన్సారు తీగ పీకివేయకుండా, దాని చోటు మార్చాలి. డీజిలు ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు తక్కువ, నైట్రోజను ఆక్సైడులు ఎక్కువ. డీజిలు వాహనాలు ఎక్కువగా ఆగే సెల్లారులో నైట్రోజన్ డయాక్సైడు సెన్సారు కూడా ఉండాలి.

సెల్‌ల ఆయుష్షు రకాన్ని బట్టి సుమారు 5 నుండి 10 సంవత్సరాలు. మిక్కిలి పొడి వేడిగాలిలో లోపలి ఆమ్లములోని నీరు తగ్గి సెల్ ముందే పాడవవచ్చు. స్పాన్ వాయువు ఇచ్చినా అంకె నిర్ణీత విలువకు చేరకపోతే దానిని సరిచేయడానికి ప్రయత్నించరు, సెల్ మార్చి, తేదీని పరికరముపై రాసి, కొత్త సెల్‌కు రెండు బిందువుల క్రమాంకనము మళ్ళీ చేస్తారు.