చిప్ కంపెనీలో ఇంజినీర్ జాబ్ కావాలా? ఇంటర్వ్యూలో అడిగేది ఇవే.. లోపల పని ఎలా ఉంటుందంటే?

పటాన్‌చెరు దగ్గర భానూర్ అనగానే బీడీఎల్ క్షిపణుల ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. ఇదే సంగారెడ్డి జిల్లాలోని కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. ఇక సిటీ వైపు వెళ్తే క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, మైక్రాన్ లాంటి చిప్ కంపెనీల ఆఫీసులున్నాయి. అంటే ఈసీఈ, ఈఈఈ చదివిన ఇక్కడి కుర్రాళ్లకు అవకాశాలు ఇంటికి దగ్గర్లోనే ఉన్నట్టు. కానీ సాఫ్ట్‌వేర్ జాబ్‌కు ప్రిపేర్ అయినట్టు వెళ్తే మాత్రం కష్టమే! ఎందుకో చూద్దాం.

తప్పు జరిగితే కోట్లలో నష్టం

యాప్‌లో తప్పుంటే అప్‌డేట్ ఇస్తే సరి. చిప్ అలా కాదు. డిజైన్ ఫ్యాక్టరీకి వెళ్లి సిలికాన్‌పై అచ్చయ్యాక మార్చడం చాలా కష్టం. 1994లో ఇంటెల్ పెంటియం చిప్‌లో ఇదే జరిగింది. భాగహారం చేసే సర్క్యూట్ టేబుల్‌లో కొన్ని విలువలు మిస్సయ్యాయి. దీంతో కొన్ని లెక్కలు తప్పొచ్చాయి. చివరికి చిప్‌లు మార్చి ఇవ్వాల్సి వచ్చి, కంపెనీపై 47.5 కోట్ల డాలర్ల భారం పడింది. అందుకే ఇంటర్వ్యూలో బేసిక్స్‌ను అంత గట్టిగా పరీక్షిస్తారు.

తప్పక వచ్చే ప్రశ్న

సెటప్ టైమ్, హోల్డ్ టైమ్ అంటే ఏంటి? ఫొటో దిగడం గుర్తు తెచ్చుకోండి. క్లిక్‌కు ముందు, క్లిక్ తర్వాత కాసేపు కదలకూడదు కదా! చిప్‌లో డేటా కూడా అంతే. క్లాక్‌కు ముందు స్థిరంగా ఉండాల్సిన సమయం సెటప్, తర్వాత ఉండాల్సింది హోల్డ్.

అసలు మెలిక ఆ తర్వాతి ప్రశ్నలో ఉంటుంది. చిప్ తయారయ్యాక ఏది ఫెయిలైతే ఎక్కువ ప్రమాదం? సెటప్ ఫెయిలైతే క్లాక్ స్పీడ్ తగ్గించి నడపొచ్చు. హోల్డ్ ఫెయిలైతే స్పీడ్ ఎంత తగ్గించినా లాభం లేదు. బట్టీ పట్టినవాళ్లు సాధారణంగా ఇక్కడే దొరికిపోతారు. రెజ్యూమెలో రాసిన ప్రాజెక్ట్‌పైనా ఇలాగే లోతుగా అడుగుతారు.

లోపల పని ఏంటి?

* ఆర్‌టీఎల్ డిజైన్: సర్క్యూట్ ఎలా పనిచేయాలో వెరిలాగ్‌లో రాయడం.
* వెరిఫికేషన్: ఆ డిజైన్‌లో తప్పులు వెతకడం. ఫ్రెషర్లకు మంచి దారి.
* ఫిజికల్ డిజైన్: చిప్‌పై ఏది ఎక్కడ ఉండాలో, వైర్లు ఎలా వెళ్లాలో చూడటం.
* సిలికాన్ వాలిడేషన్: తయారై వచ్చిన చిప్‌ను ల్యాబ్‌లో పరీక్షించడం.

డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపడాన్ని టేపవుట్ అంటారు. ఆ డేట్ దగ్గరపడితే రాత్రిళ్లు, వీకెండ్లు కూడా పని తప్పకపోవచ్చు.

ఖర్చు లేకుండా ప్రిపరేషన్

ఎన్‌పీటెల్‌లో డిజిటల్ సర్క్యూట్లు, వీఎల్‌ఎస్‌ఐ పాఠాలు ఫ్రీగా చూడొచ్చు. ఇకారస్ వెరిలాగ్ అనే ఫ్రీ టూల్‌తో మీ ల్యాప్‌టాప్‌లోనే ప్రాక్టీస్ చేయొచ్చు. చిన్న ఫిఫో సర్క్యూట్ సొంతంగా రాసి, టెస్ట్ చేసి చూడండి. కాపీ కొట్టిన పెద్ద ప్రాజెక్ట్ కంటే అదే మేలు.

ఒక్క మాట గుర్తుంచుకోండి.. డబ్బు కడితే చిప్ కంపెనీలో ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా చెబితే అస్సలు నమ్మొద్దు. నోటిఫికేషన్లను కంపెనీ అధికారిక కెరీర్స్ పేజీలోనే చెక్ చేసుకోండి.