బోరు మోటరు వంశమున పుట్టిన విద్యుత్ స్కూటరు

రాజంపేట మొదలగు కామారెడ్డి జిల్లా పల్లెలలో బోరుబావిని నమ్ముకొని వరి పండించు రైతునకు మూడు ఫేజుల కరెంటును గూర్చి ఎవరును ఉపదేశింప నక్కరలేదు. ఒక ఫేజు పోయిన సంగతి తెలియక మోటరు నడిచినచో రాగితీగె మాడిపోయి, దానిని పైకి లాగి వైండింగునకు మోసికొనిపోవలసి వచ్చునని అతడు అనుభవమున ఎరుగును. ఆ పల్లెదారులలో నేడు చప్పుడు లేక సాగిపోవు విద్యుత్ స్కూటరులో తిరుగునదియు ఆ వంశమునకు చెందిన మోటరే. మూడు తీగెచుట్టలలో ఒకదాని వెంట నొకటిగా పొంగి తగ్గు ప్రవాహము వలన అయస్కాంతక్షేత్రము గిర్రున తిరుగుచుండగా, ఇరుసునకు బిగించిన శాశ్వతాయస్కాంతములు దానిని వెంబడించును.

అయితే బోరునకు మూడు ఫేజులును ట్రాన్స్‌ఫార్మరు నుండి వచ్చును; బ్యాటరీ ఇచ్చునది డీసీ మాత్రమే. కావున కంట్రోలరు అను పెట్టె ఆ డీసీని సెకనునకు వేలసార్లు తెంచి కలుపుచు మూడు ఫేజులుగా మార్చును. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి యున్నను ఇంజను అందులో అధికభాగమును వేడిగా పోగొట్టును; 3 యూనిట్లు నిలుపు బ్యాటరీతో స్కూటరు 100 కిలోమీటర్ల దాపున నడుచును.

ఇక బ్యాటరీ. 1991లో అంగడికి వచ్చి, 2019లో తన నిర్మాతలకు నోబెల్ బహుమానము తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీలో, ఛార్జింగు చేయునప్పుడు లిథియం అయానులు ధనధ్రువమును వీడి గ్రాఫైటు పొరలలో దూరును. బండి నడుచునప్పుడు తిరిగివచ్చును. గ్రాఫైటు నిండవచ్చినకొలది అయానులకు చోటు చిక్కదు. తొందరపెట్టినచో అవి పైననే లోహముగా పేరుకొని బ్యాటరీని చెరచును. ఎనుబది శాతము దాటిన పిమ్మట ఛార్జింగు మందగించుటకు కారణమిదియే. రెండు ధ్రువములను వేరుచేయునది తలవెండ్రుకకంటె పలుచని పొర. అది కరగినచో లోపలనే షార్టయి, వేడి వేడిని పుట్టించుచు పోవును.

ఇది పుస్తకములలోని భయము కాదు. 2016 వరకు కామారెడ్డి ఏ జిల్లాలో నుండెనో ఆ జిల్లాకేంద్రమైన నిజామాబాదుననే, 2022 ఏప్రిల్‌లో, రాత్రివేళ ఇంటిలో ఛార్జింగునకు పెట్టిన స్కూటరు బ్యాటరీ ప్రేలి ఒక వృద్ధుడు మరణించెను. ఆ యేడు దేశమున పలుచోట్ల ఇట్టి ప్రమాదములు జరుగగా, కేంద్రప్రభుత్వము బ్యాటరీ భద్రతానియమములను కట్టుదిట్టము చేసి, 2022 డిసెంబరు నుండియు 2023 మార్చి చివర నుండియు రెండంచెలుగా అమలుపరచెను.

నియమములు ఎంత గట్టివైనను, మే నెల ఎండలో తిరిగివచ్చిన బండి చల్లారక మునుపే ప్లగ్గు పెట్టుట, మనుషులు పండుకొను గదిలో బ్యాటరీ నుంచుట, ఎర్తింగు లేని సాకెట్టును వాడుట మానవలసినవే. ఒకే దూరము పోవుటకు కొంత బరువెక్కువైనను, వేడికి నిలిచి, తన ఆక్సిజనును సులభముగ విడువని ఐరన్ ఫాస్ఫేటు రకము మన వేసవులకు తగినదని నా అభిప్రాయము. కావున బండి కొనువారు మైలేజికంటె ముందుగా బ్యాటరీ ఏ రకమని దుకాణమువానిని అడుగవలెను.