మూగదెబ్బ – ఛాతీ గాయాలు: జీవయాంత్రిక పరిశీలన (ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల సందర్భం)

వ్యాససంగ్రహం: చర్మం చీలకుండా, ఒక్కోసారి పక్కటెముక కూడా విరగకుండా లోపలి అవయవాలను గాయపరిచే దెబ్బను మూగదెబ్బ అంటారు. ఛాతీకి తగిలే మూగదెబ్బ తీవ్రతను దానిలోని శక్తి ఒక్కటే నిర్ణయించదనీ, ఛాతీ ఎంత లోతుకు, ఎంత వేగంగా నొక్కుకుపోయిందన్నది కీలకమనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మూగదెబ్బ, ఛాతీ, సంపీడనం, జీవయాంత్రికశాస్త్రం, కడప జిల్లా.

1. ఉపోద్ఘాతం

కడప జిల్లాలో జమ్మలమడుగు పరిసరాలు నాపరాతి గనులకు, పులివెందుల చీనీ, అరటి తోటలకు, ప్రొద్దుటూరు బంగారం, వస్త్ర వ్యాపారాలకు పేరుపొందాయి. గనిలో బండ మీద పడటం, తోటలో ట్రాక్టరు బోల్తాపడటం, రద్దీ రహదారిపై ద్విచక్రవాహనం ఢీకొనడం ఈ జీవనోపాధుల వెంట ఉండే ప్రమాదాలు. మూడింటిలోనూ ఛాతీకి మూగదెబ్బ తగలవచ్చు. “పైకి గాయమేమీ లేదు కదా” అని బాధితుణ్ణి ఇంటికి తీసుకుపోవడం ప్రాణాంతకం కావచ్చు.

2. గాయాన్ని కొలిచే విధానం

1970ల్లో చార్లెస్ క్రోల్ బృందం మృతదేహాలపై ప్రయోగాలు జరిపి, గాయ తీవ్రతకు తాకిన బలం కంటే ఛాతీ నొక్కుడుతోనే సన్నిహిత సంబంధం ఉందని చూపింది. 230 మిల్లీమీటర్ల మందం గల ఛాతీ 92 మిల్లీమీటర్లు లోపలికి పోతే సంపీడనం 40 శాతం. ఆ స్థాయిలో గాయం ప్రాణాపాయకరం.

అయితే లోతు ఒక్కటే చాలదు. 1986లో ఇయాన్ లా, డేవిడ్ వియానో ప్రతి క్షణంలోని నొక్కుడు వేగాన్నీ, ఆ క్షణంలోని సంపీడన నిష్పత్తినీ గుణించి, ఆ లబ్ధపు గరిష్ఠ విలువను ప్రమాణంగా ప్రతిపాదించారు. ఎదురుదెబ్బలో ఆ విలువ సెకనుకు 1 మీటరుకు చేరితే తీవ్రగాయానికి దాదాపు 25 శాతం అవకాశం ఉంటుంది. ఊపిరితిత్తులు, గుండె వంటి మెత్తని అవయవాలు నెమ్మదైన ఒత్తిడికి కొంత సర్దుకోగలవు. హఠాత్తుగా వచ్చే ఒత్తిడికి ఆ వ్యవధి దొరకదు.

3. మూడు రకాల దెబ్బలు

3.1 నెమ్మదైన నలుగుడు: ట్రాక్టరు కింద చిక్కుకున్నవారిలో నొక్కుడు వేగం తక్కువగా ఉన్నా, ఒత్తిడి తొలగదు. ఛాతీ విప్పారలేక శ్వాస ఆగుతుంది. రక్తం సిరల్లో వెనక్కు తన్ని ముఖం నీలివర్ణం దాలుస్తుంది, కళ్ళు ఎరుపెక్కుతాయి. ఇక్కడ ప్రాణాన్ని నిర్ణయించేది నలిగిన వ్యవధి.

3.2 మధ్యమ వేగపు దెబ్బ: 50 కిలోల బండ 2 మీటర్ల ఎత్తునుంచి పడితే సెకనుకు 6.3 మీటర్ల వేగంతో, సుమారు 980 జౌళ్ళ శక్తితో తాకుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనచోదకుడి వేగం సెకనుకు 11 మీటర్లు. ఇక్కడ లోతు, వేగం రెండూ కలిసి పనిచేస్తాయి. వరుసగా మూడు లేదా అంతకన్న ఎక్కువ పక్కటెముకలు రెండేసి చోట్ల విరిగితే ఆ భాగం శ్వాసకు ఎదురుదిశలో కదులుతుంది. పిల్లల పక్కటెముకలు విరగకుండా వంగుతాయి కనుక, ఎముక చెక్కుచెదరకున్నా ఊపిరితిత్తి కమిలిపోవచ్చు.

3.3 చిన్న వస్తువు, తగిన క్షణం: 160 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి 32 జౌళ్ళు మాత్రమే, పై బండ శక్తిలో దాదాపు ముప్పయ్యో వంతు. అయినా అది గుండె మీదుగా తగిలితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. 1998లో మార్క్ లింక్ బృందం పందిపిల్లలపై చేసిన ప్రయోగాల్లో, విద్యుత్ హృల్లేఖనంలోని టీ తరంగ శిఖరానికి 15 నుంచి 30 మిల్లీసెకన్ల ముందు తగిలిన దెబ్బలే ఇట్టి ప్రకంపనానికి దారితీశాయి.

4. చికిత్సకు సూచనలు

కమిలిన ఊపిరితిత్తి తొలి గంటల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. పరిస్థితి ఒకటి రెండు రోజుల్లో విషమించవచ్చు. కాబట్టి ఏ వస్తువు తగిలింది, ఎంత వేగంతో, ఎంతసేపు నలిగారు అనే మూడు ప్రశ్నలు తొలి పరీక్షలోనే అడగాలి. శ్వాసవేగం, రక్తంలో ఆమ్లజని స్థాయి, ఈసీజీ పరిశీలించాలి. బంతి తగిలి కుప్పకూలినవారికి తక్షణం ఛాతీ నొక్కుళ్ళు ప్రారంభించి, వీలైనంత త్వరగా డీఫిబ్రిలేటర్ వాడాలి.

5. ముగింపు

పైకి కనిపించే గాయం దెబ్బ తీవ్రతకు నమ్మదగిన కొలత కాదు. బండ, ట్రాక్టరు, బంతి వేరువేరు మార్గాల్లో ఛాతీని గాయపరుస్తాయి. ప్రమాద వివరాలను బాధితుడితోపాటు ఆసుపత్రికి చేర్చడం కూడా చికిత్సలో భాగమే.