పైసా చెల్లని కూలి: కాబుల్‌స్టోన్ కథ

కాబుల్‌స్టోన్ అనే కొలమానం పేరు విన్నవాళ్ళు తక్కువ. లక్ష కాబుల్‌స్టోన్లు పోగేసినా కప్పు చాయ్ రాదు. అయినా వాటి కోసం కంప్యూటర్లను రాత్రింబవళ్ళు నడిపి, కరెంటు బిల్లు సొంత జేబులోంచి కట్టుకున్నవాళ్ళు లెక్కలేనంతమంది. వాటి కోసం దొంగ లెక్కలు పంపినవాళ్ళూ ఉన్నారు. నా ఆసక్తంతా ఈ రెండో రకం మీదే. ఆ కొలమానాన్ని అంత పకడ్బందీగా తయారు చేయించిన ఘనతలో సగం వాళ్ళదే మరి.

కథ 1999 మే 17న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌లో మొదలైంది. ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు ఆకాశం నుంచి పట్టిన సంకేతాలను టేపుల మీదకెక్కించి బర్క్‌లీకి పార్సిల్ చేసేవారు. ఆ రొదలో గ్రహాంతరవాసుల పిలుపు ఎక్కడైనా ఉందేమో వెతకాలి. సూపర్ కంప్యూటర్ కొనేంత డబ్బు లేదు. డేవిడ్ ఆండర్సన్, డాన్ వెర్తైమర్ బృందం ఆ రికార్డింగును 107 సెకన్ల ముక్కలుగా కోసి, ఇళ్ళలో ఊరికే పడి ఉన్న కంప్యూటర్లకు ఇంటర్నెట్ ద్వారా పంచిపెట్టింది. ఒక్కో ముక్క సుమారు 340 కిలోబైట్లు. దాన్ని జల్లెడ పట్టడానికి అప్పటి పెంటియం 2కి సుమారు పది గంటలు పట్టేది. సెటీ ఎట్ హోమ్ అనే ఈ ప్రోగ్రామును మొదటి వారంలోనే 2 లక్షల మందికి పైగా దించుకున్నారు.

మనిషన్నాక ఊరికే చేసిన పనికి కూడా లెక్క కావాలి. అందుకే ఎవరు ఎన్ని ముక్కలు, అంటే ఎన్ని వర్క్ యూనిట్లు, పూర్తి చేశారో పట్టిక పెట్టారు. వంద దాటితే ఒక సర్టిఫికెట్, ఇంకొన్ని దాటితే మరొకటి. ఆ పట్టికే చిచ్చు పెట్టింది. టీములు పుట్టాయి, పోటీలు పెరిగాయి. తాము పనిచేసే చోట ఉన్న కంప్యూటర్లన్నిటినీ యజమానికి తెలియకుండా ఈ పనికి పురమాయించినవాళ్ళూ కనిపించసాగారు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక కాలేజీ కంప్యూటర్ల నిర్వాహకుడు డిస్ట్రిబ్యూటెడ్ డాట్ నెట్ అనే ఇలాంటి మరో ప్రాజెక్టును కాలేజీ యంత్రాల్లో ఎక్కించి ఏకంగా క్రిమినల్ కేసులో ఇరుక్కున్నాడు. చివరికి 2002లో ప్రొబేషన్‌తో, 2,100 డాలర్ల చెల్లింపుతో బయటపడ్డాడు.

ఇక దొంగ లెక్కలు. ఒకే ఫలితాన్ని మళ్ళీ మళ్ళీ పంపి యూనిట్ల సంఖ్య పెంచుకున్నవాళ్ళు కొందరు. ప్రోగ్రామును విప్పి మార్చి, లెక్క చేయకుండానే చేసినట్టు చూపించినవాళ్ళు ఇంకొందరు. వాళ్ళకు కావలసింది పట్టికలో పైమెట్టు. శాస్త్రవేత్తలకు మాత్రం ఒక్క దొంగ ఫలితం చాలు, మొత్తం గంగపాలే. వాళ్ళు తీసుకున్న జాగ్రత్త చాలా సాదాసీదాది. ఒకే ముక్కను ఒకరికొకరు తెలియని ఇద్దరు ముగ్గురికి పంపి, వచ్చిన జవాబులు కలిస్తేనే ఒప్పుకోవడం. దీంతో ఇంకో బెడద కూడా తీరింది. ప్రాసెసరును మోతాదుకు మించిన వేగంతో తోలితే, యజమానికి ఏ దురుద్దేశం లేకపోయినా యంత్రం తప్పుడు అంకెలు కక్కుతుంది. అవీ ఈ వలలోనే చిక్కాయి. మన ముక్కనే అటువైపు లెక్కిస్తున్న అపరిచితుణ్ణి వాలంటీర్లు వింగ్‌మ్యాన్ అంటారు. అతగాడి జవాబు వచ్చేదాకా మన క్రెడిట్ పెండింగే.

సెటీ ఒక్కటే ఉన్నంత కాలం యూనిట్లు లెక్కపెడితే సరిపోయింది, అన్నీ దాదాపు ఒకే సైజు కాబట్టి. ఆండర్సన్ 2002లో బోయింక్ అనే ఉమ్మడి వేదిక పని మొదలుపెట్టాక చిక్కు వచ్చింది. దాని మీదకు ప్రొటీన్ల మడతలు లెక్కించే ప్రాజెక్టులు వచ్చాయి, భూగోళ వాతావరణాన్ని నమూనా కట్టే క్లైమేట్ ప్రెడిక్షన్ డాట్ నెట్ వచ్చింది. ఒకదానిలో పని గంటల్లో తేలుతుంది, ఇంకోదానిలో నెలలు పడుతుంది. రెండింటినీ తూచే ఒకే రాయి కావాలి. అప్పటికే కంప్యూటర్ల వేగాన్ని కొలిచే వెట్‌స్టోన్, డ్రైస్టోన్ అనే పరీక్షలున్నాయి. వాటి వరసలోనే, సెటీ బృందంలోని జెఫ్ కాబ్ పేరు మీదుగా, కాబుల్‌స్టోన్ పుట్టింది. వెట్‌స్టోన్ పరీక్షలో సెకనుకు 100 కోట్ల దశాంశ లెక్కలు చేసే కంప్యూటరు ఒక రోజంతా పనిచేస్తే 200 కాబుల్‌స్టోన్లు. అంటే ఒక్కో దానికి 432 సెకన్లు, 43,200 కోట్ల లెక్కలు.

నిర్వచనం ముచ్చటగానే ఉంది. చిక్కల్లా దాన్ని ఎలా చెల్లించాలన్నదే. పొలం పనులు తెలిసినవాళ్ళకు ఈ తగువు కొత్త కాదు: రోజు కూలికి పెట్టాలా, గుత్తకివ్వాలా? బోయింక్ మొదట రోజు కూలినే నమ్ముకుంది. మీ కంప్యూటరు తన వేగాన్ని తానే పరీక్షించుకుని, పట్టిన సమయంతో గుణించి, ‘నాకింత రావాలి’ అని అడుగుతుంది. ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకునే పద్ధతి కనుక సర్వరు మూడు యంత్రాలు అడిగిన అంకెలను పక్కపక్కన పెట్టుకునేది. ఉదాహరణకు ఒకే ముక్కకు ఒకటి 21 అడిగింది, ఇంకోటి 32, మూడోది 87 అనుకుందాం. జవాబులు మూడూ కలిశాయి. పెద్దదీ చిన్నదీ తీసేస్తే మిగిలింది 32. ముగ్గురికీ అదే. 87 అడిగినవాడు వేగ పరీక్ష అంకెల్ని మార్చేసిన ఘనుడు కావచ్చు, అతని మోసం అక్కడికక్కడే చచ్చింది. 21 అడిగిన అమాయకుడు లినక్స్ వాడకందారు అయ్యుండవచ్చు. అదే కంప్యూటరు మీద పరీక్ష ప్రోగ్రాము విండోస్‌లో కన్నా లినక్స్‌లో తక్కువ అంకె చూపించడం అప్పట్లో మామూలే. అతనికి 11 కలిసొచ్చాయి. కాకిలెక్కల మధ్య నుంచి నిజాయితీని ఇంత చవగ్గా పిండుకున్న పద్ధతి నేను ఇంకోటి చూడలేదు.

కానీ రోజు కూలిలో ఉన్న అసలు తిరకాసు ఇక్కడా బయటపడింది. కోడ్ రాయగలిగిన వాలంటీర్లు కొందరు సెటీ ప్రోగ్రామును సానబట్టి, అదే ముక్కను సగం సమయంలో తేల్చేలా చేశారు. సైన్సుకు రెట్టింపు లాభం. వాళ్ళ కంప్యూటరు అడిగే కూలి మాత్రం సగానికి పడిపోయింది, సమయం సగమే పట్టింది మరి. పైపెచ్చు మధ్య అంకె తీసుకునే నియమం పుణ్యమా అని పక్కనున్న వింగ్‌మ్యాన్ కూలికీ గండి పడేది. పని త్వరగా చేసినందుకు జరిమానా అన్నమాట. 2006లో సెటీ దారి మార్చింది. సమయాన్ని వదిలేసి, ప్రోగ్రాము లోపల ఎన్ని లెక్కలు జరిగాయో అదే లెక్కపెట్టుకుని చెప్పేలా చేసింది. అంటే గుత్త. అన్నిటిలోకీ న్యాయమైనది ఇదేనని నా అభిప్రాయం. అయితే ప్రతి ప్రాజెక్టూ తన ప్రోగ్రాములో ఆ లెక్క పెట్టుకోవాలి. ఆ ఓపిక అందరికీ లేకపోయింది.

ఇంతలో గేముల కోసం పుట్టిన గ్రాఫిక్స్ కార్డులు రంగంలోకి దిగాయి. కాగితం మీద ఈ కార్డుల (జీపీయూల) వేగం మహా ఘనం, నిజంగా వాడుకలోకి వచ్చేది అందులో కొంతే. సమయాన్ని పట్టుకుంటే ఒక అన్యాయం, కాగితపు వేగాన్ని పట్టుకుంటే ఇంకో అన్యాయం. 2010లో ఆండర్సన్ క్రెడిట్ న్యూ అనే పద్ధతి తెచ్చాడు. యంత్రం ఏమడిగినా సర్వరు పట్టించుకోదు. ఆ ప్రోగ్రాము రకరకాల యంత్రాల మీద సగటున ఎలా నడిచిందో, ఆ ఇంటి కంప్యూటరు చరిత్రేమిటో చూసి, సగటుల మీద సగటులు వేసి కూలి తేలుస్తుంది. మోసగాడికి సందు దొరకడం కష్టమే. కానీ అదే పనికి ఇవాళ ఒక అంకె, వచ్చే వారం ఇంకో అంకె వస్తే కూలివాడికి ఒళ్ళు మండదా? మండింది. చాలా ప్రాజెక్టులు దాన్ని పక్కన పెట్టి, ముక్కకింత అని తమ రేటు తామే ఖాయం చేసుకున్నాయి. దాంతో ఒక ప్రాజెక్టు కాబుల్‌స్టోన్ ఇంకో ప్రాజెక్టు కాబుల్‌స్టోన్‌తో సమానం అన్న మాట పేరుకే మిగిలింది. వాలంటీర్లను లాగడానికి ధారాళంగా పంచినవాళ్ళున్నారు. బిట్‌కాయిన్ యుటోపియా అనే ప్రాజెక్టయితే, బిట్‌కాయిన్ల తవ్వకానికే తయారైన ప్రత్యేక చిప్పులకు పంచిన క్రెడిట్‌తో అన్ని ప్రాజెక్టులూ కలిపిన ర్యాంకుల పట్టికనే తారుమారు చేసింది. 2013లో పుట్టిన గ్రిడ్‌కాయిన్ ఇంకో అడుగు వేసి, బోయింక్‌లో చేసిన పనికి క్రిప్టో నాణెం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ నాణేనికి బజారులో ధర ఉంది. పైసా ఆశ లేనప్పుడే అన్ని వేషాలు వేసిన మనుషుల చేతికి పైసా కూడా ఇవ్వడం ఏం తెలివో నాకర్థం కాదు.

బోయింక్ గొడుగు కిందకు రాని ఫోల్డింగ్ ఎట్ హోమ్ పద్ధతి వేరు, తర్కం కూడా వేరు. స్టాన్‌ఫర్డ్‌లో విజయ్ పాండే 2000లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టులో ప్రొటీను కదలికలు గొలుసుగా సాగుతాయి. మీ ముక్క ఫలితం వస్తే కానీ దాని తరవాతి ముక్క పుట్టదు. మీరు వారం ఆలస్యం చేస్తే ఆ గొలుసూ వారం ఆగుతుంది. అందుకే త్వరగా తెచ్చినవాళ్ళకు బోనస్ పెట్టారు. గడువును పట్టిన సమయంతో భాగించి, ఒక స్థిరాంకంతో గుణించి, దాని వర్గమూలాన్ని అసలు పాయింట్లకు గుణకం చేస్తారు. నాలుగో వంతు సమయంలో ముగిస్తే ఒక్కో ముక్కకు వచ్చేది రెట్టింపు. ముక్కలూ నాలుగింతలు చేస్తారు కనుక రోజువారీ ఆదాయం ఎనిమిదింతలు. పాత కంప్యూటరుతో వచ్చినవాళ్ళకు ఇది అన్యాయంగానే తోస్తుంది. కానీ ఇక్కడ కొలుస్తున్నది చెమటను కాదు, ఆ చెమట ఎంత త్వరగా అక్కరకొచ్చిందన్నదాన్ని.

క్లైమేట్ ప్రెడిక్షన్ తిప్పలు ఇంకోరకం. నెలల తరబడి నడిచే నమూనా మధ్యలో కూలిపోతే మొత్తం శ్రమ బూడిదే. అందుకని కొంత కాలం లెక్క తేలినప్పుడల్లా కంప్యూటరు ఒక చిన్న సందేశం పంపుతుంది, అప్పటికప్పుడు కొంత క్రెడిట్ జమవుతుంది.

సెటీ ఎట్ హోమ్ 2020 మార్చి 31న కొత్త ముక్కలు పంచడం ఆపేసింది. పాత ఖాతాల్లో 1999 నుంచి 2005 దాకా చేసిన యూనిట్లు విడిగా ఒక వరసలో అలాగే కనిపిస్తాయి. వాటిని కాబుల్‌స్టోన్లలోకి ఎవరూ మార్చలేదు. ఏ యూనిట్ ఎంత కష్టపెట్టిందో తేల్చేదెవరు?

ఈ లెక్కల వ్యవహారం అసలు పనికొచ్చింది ఎక్కడంటే, 2010లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే బోయింక్ ప్రాజెక్టులో. అదే అరెసిబో టెలిస్కోపు డేటాలోంచి ఈ ప్రాజెక్టు ఒక కొత్త పల్సార్ నక్షత్రాన్ని పట్టింది, సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగేదాన్ని. ఆ ముక్క అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక దంపతుల కంప్యూటరుకూ, జర్మనీలో మైంజ్ నగరంలోని ఒక వాలంటీరు కంప్యూటరుకూ వెళ్ళింది. రెండింటి జవాబులూ కలిశాయి. ‘సైన్స్’ పత్రికలో వివరాలు అచ్చయినప్పుడు ఆవిష్కరణలో భాగస్వాములుగా ఆ ముగ్గురి పేర్లూ చెప్పారు. దొంగల కోసం పెట్టిన కాపలా వల్ల, వింగ్‌మ్యాన్ పేరు కూడా ఆ పల్సార్ పక్కన చేరింది.